అంచున మేనత్తను నిలబెట్టరాదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బంధుత్వాలు ఎందుకు చెడుతున్నాయని ఎవరైనా నిష్పాక్షికంగా విచారణ జరిపితే, గట్టు తగాదాలు, పెట్టుపోతల్లో లోపాలు, ఆఖరి పంక్తికి కూర అందకపోవడం వంటి సనాతన కారణాల సరసన కొత్తగా ఒకటి చేరినట్టు తేలుతుంది. అది 16 మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్సు, అంటే దగ్గర నిలబడే ఎక్కువ మేర పట్టించే కెమెరా కన్ను (ఆ మిల్లీమీటర్ల అంకె తగ్గిన కొద్దీ పట్టేది పెరుగుతుంది). దీని మీద ఇప్పటి వరకూ ఏ ప్రభుత్వమూ కమిటీ వేయలేదు. ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ దీని ఊసు లేదు. గత్యంతరం లేక ఆ బాధ్యత ఈ కాలమ్ నెత్తిన వేసుకుంది.

మన పెళ్లిళ్లలో గ్రూప్ ఫొటో అంటే జనాభా లెక్కల సేకరణ. పెదనాన్న వియ్యంకుడి తమ్ముడు సైతం అందులో పడాలి. పడకపోతే రేపు వాళ్లింటి నుంచి మనకి శుభలేఖ రాదు. కల్యాణ మండపాలు కట్టినవాళ్లు ఈ సంగతి ఆలోచించినట్టు లేదు. స్టేజీకి ఎదురుగా నాలుగు అడుగులు వేస్తే సోఫాలు, సోఫాల వెనక కుర్చీలు, కుర్చీల్లో కదలని మావయ్యలు. కెమెరా పట్టుకున్నవాడు వెనక్కి జరగడానికి చోటుండదు. "అందరూ పట్టాలి బాబూ" అని పెళ్లిపెద్ద ఆజ్ఞ. స్టూడియో కుర్రాడు బ్యాగులోంచి వైడ్ తీసి బిగిస్తాడు. అందరూ పడతారు. ఆ పూటకి అంతా సుఖాంతం.

అసలు గొడవ ఆల్బమ్ వచ్చిన రోజున. పెళ్లికూతురి మేనత్త వరసలో ఆ చివర ఉంది. ఆవిడ కోరి నిలబడలేదు, "సర్దుకోండమ్మా, ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ అక్కడికి నెట్టారు. ఆల్బమ్‌లో ఆవిడ ముఖం అడ్డంగా సాగింది. భుజం పేజీ దాటి పోతోంది. చేతిలో ఉన్న చిన్న పర్సు పక్కనున్న పిల్లాడంత వెడల్పయింది.

"ఏటి బాబూ, నాను ఇలగున్నానేటి? మజ్జిలో మా వదిన సన్నగా ఉంది, నన్నొక్కద్దాన్నీ బస్తాలా సేసీసినావు."

"అది లెన్సు గుణం అత్తా. అంచుల్లో సాగదీస్తాది."

"అలగయితే మజ్జిలో మా వదిన్ని నిలబెట్టమని నీకెవుడు సెప్పాడు?"

ఈ ప్రశ్నకి కెమెరాతో పాటు వచ్చే పుస్తకంలో జవాబు లేదు. ఆ రెండిళ్ల మధ్య రాకపోకలు తగ్గాయి.

న్యాయంగా మాట్లాడుకుంటే ఇందులో వదిన పాపం లేదు, కుర్రాడిది సగమే. మిగతా సగం జ్యామితిది. గోడలు, స్తంభాలు, కిటికీ చువ్వలు వంకరపోకుండా తిన్నగా రావాలని ఈ లెన్సులు తయారుచేసేవాళ్లు పట్టుబడతారు. గీత తిన్నగా ఉండాలంటే అంచుల్లో ఉన్నది బయటికి సాగక తప్పదు. అలా గోడల పరువు నిలబెట్టి మనుషుల పరువు తీశారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి, అంటే బొమ్మ పడే పలక (సెన్సార్) పెద్దగా ఉన్నదానికి, 16 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే, ఫ్రేముకి కుడి ఎడమ కొసల్లో ఉన్న తల అడ్డంగా సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. అదే 24 అయితే పావు వంతు పెరుగుతుంది. 35 అయితే ఎనిమిదో వంతు. అంటే మేనత్త చూసుకున్నా, పెళ్లి భోజనాల మహిమలే అని సరిపెట్టుకోగలిగినంత. కనుక 35 పెట్టి, ముందు రెండు వరసల కుర్చీలు తీయించి, వెనక్కి జరిగి తీయడం శాస్త్రసమ్మతం. కుర్చీలు తీయాలంటే మావయ్యలు లేవాలి. అది ఆచరణలో అసాధ్యం కాబట్టి మధ్యేమార్గంగా మా ప్రతిపాదన ఇది: 24 కంటే వెడల్పు లెన్సు వాడినప్పుడు స్టేజీ రెండు చివరలా పూల స్టాండ్లు, అరటి బోదెలు, ఎయిర్ కూలర్లు మాత్రమే ఉండాలి. మనుషులే కావలసి వస్తే ఇంటర్ చదివే కుర్రాళ్లని నిలబెట్టవచ్చు. వాళ్లకి కాస్త ఒళ్లొచ్చినట్టు కనబడితే అమ్మమ్మలు సంతోషిస్తారు.

పెళ్లిళ్లు అలా ఉంచి, రోగం మూలానికి వెళ్దాం. ఈ లెన్సు గురించి మన జిల్లాలు నమ్ముకున్న సూత్రం ఒక్కటే: పట్టకపోతే వైడ్ పెట్టు. 50 మిల్లీమీటర్ల లెన్సు మూల నుంచి మూలకి సుమారు 46 డిగ్రీలు చూస్తుంది. 24 చూసేది 84, 16 చూసేది 107. చాలా ఫోన్లలో 0.5 అని ఉండే బటన్ 120 డిగ్రీల దాకా పోతుంది. ఆ బటన్ నొక్కగానే కొండ పట్టింది, చెరువు పట్టింది, గుడి పట్టింది, గుడి పక్కన పకోడీల బండీ పట్టింది. పట్టిన కొద్దీ ప్రతిదీ చిన్నదైపోతుందన్న సంగతి మాత్రం అమ్మినవాడు చెప్పడు. నాలుగు రోజులాగి ఆ ఫొటో తీసి చూస్తే అందులో అన్నీ ఉంటాయి, చూడడానికి ఏమీ ఉండదు. (కెమెరాతో పాటే వచ్చిన పాత కిట్ లెన్సు మీద 18 అని ఉంది కాబట్టి తమ దగ్గర భయంకరమైన వైడ్ ఉందని నమ్మేవారు మరో తెగ. వారి కెమెరాలో ఉన్నది చిన్న సెన్సార్ అయితే ఆ అంకెను ఒకటిన్నరతో హెచ్చవేసుకోవాలి, వచ్చేది 27. ఈ విషయం వారికి మెల్లగా, ఇంట్లో పెద్దలు ఉన్నప్పుడు చెప్పాలి.)

ఈ లెన్సుకి అసలు కావలసింది చొరవ. ఏదో ఒక వస్తువుకి చెయ్యి చాపితే తగిలేంత దగ్గరకి పోవాలి. పోతే ఆ వస్తువు బ్రహ్మాండంగా పెరుగుతుంది, వెనకున్నది వినయంగా తగ్గుతుంది, రెండింటి నడుమ దూరం పుడుతుంది. ఆ దూరాన్ని పుట్టించేది మనం నిలబడ్డ చోటు. లెన్సు చేసేదల్లా దాన్ని ఫ్రేములో ఇమడ్చడమే. మనకేమో దగ్గరకి పోవాలంటే మొహమాటం. గట్టున నిలబడి ఊరంతా తీస్తాం.

విజయనగరం గంటస్తంభం సంగతి చూడండి. 1885లో కట్టినది. అప్పటి నుంచి నిటారుగానే ఉంది. ఊరు ఊరంతా దీనికి సాక్ష్యం చెప్పగలదు. అయితే ఫోన్లలో తిరిగే ఫొటోలు చూసి ఊళ్లోకి దిగిన ఇంజినీరెవరైనా ఉంటే చుట్టుపక్కల దుకాణాలు తక్షణం ఖాళీ చేయించమంటాడు. ప్రతి ఫొటోలోనూ స్తంభం వెనక్కి ఒరిగిపోతోంది. తీసేవాడు దాని పాదాల దగ్గర నిలబడి, వైడ్ పెట్టి, కెమెరాని ఆకాశంలోకి ఎత్తడమే ఇందుకు కారణం. ఎత్తకుండా తిన్నగా పట్టుకుంటే స్తంభం నిటారుగా వస్తుంది, కాకపోతే ఫొటోలో కింది సగం రోడ్డే ఉంటుంది. కాబట్టి వెనక్కి జరిగి తీసి ఆ రోడ్డు కత్తిరించుకోవచ్చు. తెలివైనవాడు ఆ రోడ్డుకే పని చెబుతాడు. పూలమ్మే ఆవిడ తట్టకి మూరెడు దూరంలో కూర్చుంటే, కింద బంతిపూలు, పైన గంటస్తంభం. ఆవిడని ముందు అడగాలి, ఒక మూర కొనాలి. తట్టలో కెమెరా పెట్టి బేరం చెడగొడితే ఏ రకం లెన్సూ కాపాడదు.

ఇక సిరిమాను. విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది. యాభై అడుగులు దాటిన చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. జనం అరటిపళ్లు విసురుతారు. ఫొటోకి ఇంతకంటే ఏం కావాలి? అందుకే ఆ రోజు ఊళ్లో ప్రతి మేడ మీదా ఒక సైన్యం దిగుతుంది, ఆ సైన్యం చేతిలో ఫోన్లు, ఫోన్లన్నీ 0.5 మీద. దూరపు మేడ మీద నుంచి 0.5లో తీసిన సిరిమాను ఎక్కడుందో చూసేవాళ్లకి వేలు పెట్టి చూపించాలి. మేడలూ, ఫ్లెక్సీలూ, కేబుల్ వైర్లూ మాత్రం చక్కగా పడతాయి. నా అభిప్రాయం అడిగితే కేబుల్ వైర్లకి ఇంత గొప్పగా ఉత్సవం చేసే ఊరు మరొకటి ఉండదు.

ధైర్యం చేసి జనంలోకి దిగి మాను మొదలు దగ్గర వైడ్ పెట్టినవాడికి ఇంకో ధర్మసంకటం. మాను అద్భుతంగా ఆకాశంలోకి పెరిగిపోతుంది, కొసనున్న పూజారి చుక్కంత అవుతాడు. ఉత్సవమంతా ఎవరికోసమో ఆయనే లేడు. పూజారి ముఖం కావాలంటే దూరం నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సే దిక్కు. పూజారీ, కింద జనసముద్రమూ, రెండూ కావాలంటే మాను కొస దగ్గరగా పోయే మేడ వెతుక్కోవాలి. అక్కడ మొదటి అంతస్తు పిట్టగోడ దగ్గర చోటు దొరికితే వైడ్‌కి మించింది లేదు. ఆ చోట్లు ఆ ఇంటి బంధువులతో ముందు రోజు, తొలేళ్ల నాటికే నిండిపోతాయి. కాబట్టి ఆ వీధిలో సంబంధం కలుపుకోవడమే లెన్సు కొనడం కంటే ముందు చేయవలసిన పని.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లని వైడ్‌తో తీసేవారి గురించి ఎక్కువ చెప్పను. చెట్టు వస్తుంది.

ఈ లెన్సు కోసమే పుట్టిన చోటు కళింగపట్నం. వంశధార వచ్చి సముద్రంలో కలిసే ఒడ్డు, ఇసక మీద వరసగా బోట్లు. అక్కడికి పోయినవాళ్లంతా బోట్లకి వీపు పెట్టి సముద్రాన్ని తీస్తారు. సముద్రం ఒక నీలం గీతగా వస్తుంది. అదే బోటు కొమ్ముకి ఒక మీటరు దూరంలో మోకాళ్ల మీద కూర్చుని, 16 మిల్లీమీటర్లు, అపెర్చర్ (లెన్సులో వెలుగు దూరే కంత) ఎఫ్ 8 పెట్టి, ఆ మీటరు దగ్గరే ఫోకస్ చేస్తే, అర మీటరు నుంచి దాదాపు ఆకాశం అంచు దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. తాడు పోగులు, రంగు పెచ్చులు, వెనక అలలు, ఒకే ఫొటోలో. ప్యాంటు తడుస్తుంది, ఇసక లెన్సులోకి పోతుందేమోనని గుండె దడ. అన్నట్టు పొద్దు వీపు వెనక ఉంటే మన నీడ కూడా పిలవకుండానే ఫొటోలోకి వస్తుంది. పాదాల సంగతీ చూసుకోవాలి. కొందరు సముద్రం దాకా పోయి తమ చెప్పులే తీసుకొచ్చారు.

రాజకీయ సభల్లో ఈ విద్య బాగా వృద్ధిలోకి వచ్చింది. సభ పెట్టినవారి ఫొటోగ్రాఫరు 200 మిల్లీమీటర్లతో మైదానం ఆ చివర నుంచి తీస్తాడు. ఇరవై వరసలూ ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఇసకేస్తే రాలదు. అవతలి పక్షం ఫొటోగ్రాఫరు వైడ్ పెట్టి ఖాళీ కుర్చీ ముందు చతికిలబడతాడు. ఉన్నది ఒక్కటే ఖాళీ కుర్చీ, ఫొటోలో అది మూడో వంతు. జనం దాని చేతి సందులోంచి కనబడతారు. ఇద్దరూ ఒక్క మనిషిని చేర్చలేదు, ఒక్కణ్ణి తీసేయలేదు. మర్నాడు ఇద్దరివీ సాక్ష్యాలే. వేదిక మీద మరో తమాషా. వైడ్‌కి దగ్గరగా ఉన్నదే పెద్దది కనుక, శాలువా కప్పబోయే మండల నాయకుడి చెయ్యి రాష్ట్ర నాయకుడి తల కంటే పెద్దదవుతుంది. ఈ సూత్రం ఆ మండల నాయకుడికి ఎవరూ నేర్పలేదు. పుట్టుకతో తెలుసు.

అయినా దగ్గరకి పోవాలి, కిందకి వంగాలి, ముందు ఏదో ఒకటి ఉండాలి అనే మూడు ముక్కలనీ సంపూర్ణంగా ఒంటబట్టించుకున్నవాళ్లు స్టూడియోల్లో లేరు. భోగాపురం ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ప్లాట్లు అమ్మే బ్రోకర్లున్నారు. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు, వెరసి 150 గజాల ప్లాటు. దాన్ని మామూలుగా తీస్తే ఇల్లు ఎక్కడ కట్టాలి, బండి ఎక్కడ పెట్టాలి అన్న అనుమానాలొస్తాయి. వాళ్లు ఆ అవకాశం ఇవ్వరు. ముందున్న హద్దు రాయికి ఆనుకుని ఫోన్ నేల మీద పెడతారు. ఈ రాయి శివలింగంలా పందిరంత ఎత్తున లేస్తుంది, ఆ చివరి రాయి పక్క మండలానికి పోతుంది. మధ్యలో ఒక ఆవు మేస్తూ ఉంటే ఇంకా శ్రేష్ఠం. కరపత్రం మీద ఆ ఫొటో చూసి ఊళ్ల నుంచి జనం కుటుంబాలతో సహా కార్లేసుకుని వస్తారు.

అలా వచ్చిన ఒక పెద్దమనిషి ఈ రాయి నుంచి ఆ రాయికి నడిచారు. అనుకున్నదాని కంటే త్వరగా చేరారు. వెనక్కి తిరిగి, మళ్లీ నడిచి, చేతిలో కరపత్రం వంక చూసి, "ఇదేనా?" అన్నారు. బ్రోకరు నొచ్చుకోలేదు.

"మీరు నిలబడి సూస్తన్నారు సార్. ఇలగొచ్చి ఈ రాయి కాడ కూకోండి."

ఆయన కూర్చున్నారు.

"ఇంకొంచెం వొంగండి."

వొంగారు.

"ఇప్పుడు సూడండి."

చూశారు. లేచి ప్యాంటు దులుపుకుని, అడ్వాన్సు ఎంతని అడిగారు.