ఆప్షన్లు పెట్టాల్సింది విద్యార్థి, నెట్ సెంటర్ కాదు

ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ ప్రవేశాల నోటిఫికేషన్ వెలువడగానే మన మండల కేంద్రాల్లోని ఇంటర్నెట్ సెంటర్ల ముందు ఆన్‌లైన్‌లో కోర్సు, కళాశాల ఆప్షన్లు పెట్టించుకోవడానికి పిల్లలు, తల్లిదండ్రులు బారులు తీరడం ప్రతి వేసవిలోనూ చూస్తున్నాం. రాబోయే మూడేళ్లో నాలుగేళ్లో ఆ పిల్లలు ఏం చదవబోతున్నారన్నది అక్కడే, పావుగంటలో, ఆ కోర్సుల సిలబస్ ఎన్నడూ చూడని మనిషి మాట మీద తేలిపోతున్నది. డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా నాకు దీని మీద గట్టి అభ్యంతరం ఉంది. ఏ కోర్సు, ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఏ మైనర్ (తోడు సబ్జెక్టు), ఏ రెండో భాష అన్నది తేల్చుకోవడమే డిగ్రీ విద్యార్థి చేయవలసిన మొదటి చదువు. దాన్ని ఇంకొకరికి అప్పజెప్పకూడదు. అప్పజెప్పక తప్పని పరిస్థితి కల్పిస్తున్నందుకు కళాశాలలు, విశ్వవిద్యాలయాలు జవాబు చెప్పాలి.

ఒకప్పుడు ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. బీఏలో హెచ్‌ఈపీ (చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం), బీఎస్సీలో ఎంపీసీ లేదా బీజెడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం), కాదంటే బీకాం. గ్రూపు పేరు చెబితే మూడేళ్ల చదువంతా చెప్పినట్టే. 2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) సీబీసీఎస్ అనే, విద్యార్థి కోర్సులు ఎంచుకునే క్రెడిట్ పద్ధతికి మార్గదర్శకాలు ఇవ్వడంతో, ఎంచుకునే పేపర్లయిన ఎలక్టివ్‌లు, నైపుణ్య కోర్సులు, క్రెడిట్లు వచ్చాయి. తెలంగాణలో 2016 నుంచి ప్రవేశాలు చాలావరకు దోస్త్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల గ్రూపుల స్థానంలో ఒకే మేజర్, దానికి తోడుగా ఒక మైనర్ అనే పద్ధతి వచ్చింది. 2020 నాటి జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు కనీసం ఉండాలన్నారు. నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయదలచిన వారికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలన్నారు. అంటే పద్దెనిమిదేళ్ల వయసులో, కళాశాల గేటు దాటిన కొద్ది నెలలకే రాసే మొదటి సెమిస్టర్ పరీక్షలు కూడా నాలుగో ఏటి అవకాశాన్ని నిర్ణయిస్తాయన్నమాట. ఈ సంగతి తెలిసి కళాశాలలో అడుగుపెడుతున్న పిల్లలు నాకు చాలా అరుదుగా కనిపిస్తున్నారు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. పొద్దున్నే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి, రాత్రి పడుకునే దాకా ఏ గంటకు ఏ పాఠం చదవాలో, ఏ ఆదివారం ఏ పరీక్ష రాయాలో అంతా పైవాళ్లే నిర్ణయించే రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో రెండేళ్లు గడిపి వచ్చిన పిల్లవాడిని, నెల తిరగకుండానే, పదుల కొద్దీ కాంబినేషన్ల ముందు నిలబెట్టి నీ ఇష్టం వచ్చింది ఎంచుకో అంటే అతనేం చేస్తాడు? పక్కవాడు ఏది పెట్టాడో అదే పెడతాడు.

మా ఊరి సెంటర్‌లో నేను విన్న మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఎంపీసీ పూర్తి చేసిన ఒక అమ్మాయి, వెనకాల వాళ్ల నాన్న. "అన్నా, బీఎస్సీల ఏది మంచిగుంటది?" అని ఆ అమ్మాయి సెంటర్ నడిపే అతన్ని అడిగింది. "డేటా సైన్స్ పెట్టు చెల్లె, ఇప్పుడు అందరు గదే పెడుతున్నరు" అన్నాడు అతను. "లెక్కలు ఎక్కువుంటయా?" అని అడిగితే, "అవన్నీ కాలేజీల చెప్తరు గని, ఓటీపీ చెప్పు" అన్నాడు. తండ్రి జేబులోంచి ఫోన్ తీసి, ఆ అంకెలు ఒక్కొక్కటే చదివి చెప్పాడు. ఆప్షన్లు సేవ్ అయ్యాయి. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. మ్యాథమెటిక్స్, స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ అనే ఆ కాంబినేషన్‌లో మూడింట రెండు వంతులు లెక్కలే. మూడోది కూడా లెక్కల మీద నిలబడేదే. లెక్కలంటే భయపడే విద్యార్థికి ఆ ఒక్క జవాబు మూడేళ్ల విలువ చేస్తుంది. అది చెప్పే మనిషి అక్కడ లేడు. సెంటర్ నడిపే అతన్ని నేను తప్పు పట్టడం లేదు. దరఖాస్తు నింపి ఇవ్వడం అతని పని, సలహా చెప్పడం మా పని. మేము చేయని పనిని అతను తనకు తెలిసినంతలో చేస్తున్నాడు.

బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ విషయంలోనూ ఇదే జరుగుతున్నది. కంప్యూటర్ కోర్సు అనుకుని చేరిన పిల్లలు మొదటి వారంలోనే ఫైనాన్షియల్ అకౌంటింగ్‌లో జర్నల్ ఎంట్రీలు చూసి బిక్కమొహం వేస్తారు; అకౌంట్స్ మాత్రమే అనుకుని చేరిన వాళ్లు ప్రోగ్రామింగ్ పేపరు చూసి అంతకన్నా ఎక్కువ హడలిపోతారు. రెండూ ఉంటాయని ముందే తెలిస్తే ఇద్దరూ సిద్ధపడి వచ్చేవాళ్లు. నా సొంత సబ్జెక్టులోనూ అంతే. ఎకనామిక్స్ అంటే పేపర్లో చదివే ధరల పెరుగుదల, బడ్జెట్ ముచ్చట్లు అనుకుని వస్తారు. డిమాండ్ వక్రరేఖ గీసి వాలు ఎంతో చెప్పమనగానే తరగతి మూగబోతుంది.

కాబట్టి కొత్తగా చేరబోయే విద్యార్థులకు నేను గట్టిగా చెప్పేది, సిలబస్ చదవమని. విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో సిలబస్‌లు సాధారణంగా దొరుకుతాయి. కోర్సు పేరు చూసి ఆగిపోకండి. మొదటి సెమిస్టర్ పేపర్లలో యూనిట్ల కింద ఉన్న అంశాలు చదవండి. ఆ తరువాత ఐదో సెమిస్టర్‌కు వెళ్లి అక్కడి అంశాలు చదవండి. మొదటిది సులువుగా, చివరిది కనీసం ఆసక్తిగా అనిపిస్తే ఆ కోర్సు మీకు సరిపడేదే అనుకోవచ్చు. పాత ప్రశ్నపత్రం ఒకటి సంపాదించి, ప్రశ్నలు ఎలా అడుగుతారో చూడండి. ఇంగ్లీషులో చదివితే తలకెక్కకపోతే, తెలుగు అకాడమీ పుస్తకం తెరిచి అదే అధ్యాయాన్ని తెలుగులో చదవండి. డిగ్రీ పాఠాలు ఇప్పుడు ఎక్కువగా ఇంగ్లీషు మీడియంలోనే సాగుతున్నాయి కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లలు ఈ పని మొదటి రోజు నుంచీ చేయాలి. ముందు విషయం అర్థమైతే ఇంగ్లీషు మాటలు వాటంతటవే పట్టుబడతాయని నా తరగతిలో కూర్చున్న పిల్లలను చూసి చెబుతున్నాను.

క్రెడిట్ల లెక్క కూడా ఎవరూ వివరంగా చెప్పడం లేదు. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ మొత్తంలో పదిహేను గంటల పాఠం, అంటే సుమారుగా వారానికి ఒక గంట. అదే ప్రాక్టికల్ అయితే ఒక క్రెడిట్‌కు ముప్పై గంటలు, అంటే వారానికి రెండు గంటలు. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు ఉండి అందులో 4 ప్రాక్టికల్స్‌వి అయితే, పదహారు గంటల పాఠాలు, ఎనిమిది గంటల ల్యాబ్ కలిపి వారానికి 24 గంటలు తరగతిలోనే గడుస్తాయి. దీనికి ఇంటి దగ్గర చదువుకునే సమయం అదనం. బీఏ విద్యార్థి వారానికీ బీఎస్సీ విద్యార్థి వారానికీ తేడా వచ్చేది ఇక్కడే. ల్యాబులు చాలాచోట్ల మధ్యాహ్నం పెడతారు. మా ప్రాంతంలో కొన్ని ఊళ్లకు సాయంత్రం ఒక్కటే బస్సు. ల్యాబ్ ముగిసేలోపు అది వెళ్లిపోతుంది. తెలంగాణలో ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమే అయినా, బస్సే లేకపోతే ఉచితం వల్ల ప్రయోజనం ఏముంది? ల్యాబ్ మధ్యలో లేచి వెళ్లి రికార్డులు పూర్తి చేయలేక, చివరకు ప్రాక్టికల్ మార్కులు పోగొట్టుకున్న అమ్మాయిలు నాకు తెలుసు. కోర్సు ఎంచుకునే ముందు టైమ్ టేబుల్, బస్సు సమయం రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటం చిన్నతనమేమీ కాదు. సాయంత్రాలు దుకాణంలోనో డెలివరీ పనిలోనో ఉంటూ చదువుకునే పిల్లలు మన కళాశాలల్లో చాలామందే ఉన్నారు. వాళ్లకు ఈ లెక్క మరీ ముఖ్యం.

రెండో భాష గురించి ఒక మాట. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, దేవనాగరి లిపి కూడా సరిగా రాకుండానే తొంభైకి పైగా తెచ్చుకున్న పిల్లలు డిగ్రీలోనూ అదే పెడుతున్నారు. సంస్కృతం మీద ప్రేమతో తీసుకుంటే నాకు ఎంతో సంతోషం. కానీ తెలుగులో ఒక పేజీ తప్పుల్లేకుండా రాయలేని స్థితిలో ఉండి, రేపు గ్రూప్స్ మెయిన్స్ తెలుగులో రాయాలనుకునే విద్యార్థి ఈ అవకాశాన్ని వదులుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

గ్రూప్స్ మాట వచ్చింది కాబట్టి క్యాంపస్ జీవితం గురించి కూడా చెప్పాలి. మొదటి సెమిస్టర్‌లోనే కోచింగ్‌లో చేర్పించి, కళాశాలకు పరీక్షల నాడు మాత్రమే పంపే తల్లిదండ్రులు పెరుగుతున్నారు. డిగ్రీ అంటే సర్టిఫికెట్ మాత్రమే అన్న ఈ ఆలోచన పిల్లలకు తీరని నష్టం చేస్తున్నది. పోటీ పరీక్షల్లో అడిగే చరిత్ర, రాజనీతి శాస్త్రం, ఆర్థిక శాస్త్రం తరగతి గదిలో మూడేళ్లపాటు ఉచితంగా చెబుతుంటే, వాటిని వదిలేసి వేలకు వేలు కట్టి అవే అంశాలను బిట్లుగా బట్టీ పట్టించడం ఏం న్యాయం? పైగా హాజరు 75 శాతానికి తగ్గితే స్కాలర్‌షిప్ చిక్కుల్లో పడుతుంది.

కళాశాలలో మరికొన్ని పనులు ఆలస్యం చేస్తే మళ్లీ దొరకవు. ఎన్‌సీసీలో మొదటి ఏడాదిలో చేరితేనే మూడో ఏడాదికి సి సర్టిఫికెట్ పరీక్ష రాసే వీలుంటుంది. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వలంటీరుకు రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. రెండో ఏడాది చివర్లో గుర్తుకొస్తే అది పూర్తికాదు. ఈ రెండింటిలో ఒక్కటి చాలు. అన్నింటిలోనూ పేరు రాయించుకుని ఏ ఒక్కదానికీ వెళ్లకపోవడం కన్నా, ఒక్కదానిలో మనసు పెట్టడం మేలు. గ్రంథాలయ కార్డు మొదటి వారంలోనే తీసుకోండి. మీ తరగతి చెప్పే అధ్యాపకుల దగ్గరకు, స్టాఫ్ రూంలోకి వచ్చి ప్రశ్న అడగడానికి వెనుకాడకండి. సీనియర్లు బెదిరిస్తే భరించవద్దు. ర్యాగింగ్‌ను నేరంగా చూసే చట్టం మన దగ్గర 1997 నుంచే ఉంది, 1800-180-5522 నంబరుకు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు.

ఇక కళాశాలల సంగతి. ఇంటర్ పరీక్షలు అయీ కాకముందే ఇంటింటికీ పీఆర్వోలను, అంటే తమ ప్రచారకులను, పంపి, ఫీజు లేదని ఆశపెట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని, ఓటీపీ అడిగి, పిల్లల పేరు మీద తమ కళాశాల ఆప్షన్లు తామే పెట్టేసే యాజమాన్యాలను నేను కళ్లారా చూశాను. తానెక్కడ చేరాడో ఎస్సెమ్మెస్ వచ్చిన తరువాత తెలుసుకున్న విద్యార్థి నా దగ్గరకొచ్చి "సార్, నేనీ కాలేజీ అడగలేదు" అన్నాడు. ఇది మోసం. ఓటీపీ అంటే సంతకమే. ఏ తండ్రీ తన సంతకాన్ని ముక్కూమొహం తెలియని పీఆర్వో చేతిలో పెట్టకూడదు. ప్రభుత్వ కళాశాలల్లో ఈ దౌర్జన్యం లేకపోవచ్చు గానీ మరో లోపం ఉంది: వర్క్‌లోడ్ (బోధన గంటలు) తగ్గిన సబ్జెక్టులో పిల్లలను నింపడానికి, దాన్ని ఎంచుకుంటే మంచిదని నచ్చజెప్పడం. ఒక అధ్యాపకుడి పోస్టు నిలబెట్టడం కోసం ఒక విద్యార్థి మూడేళ్లు నచ్చని చదువు చదవాలా? నా తోటి అధ్యాపకులకు ఈ మాట కష్టంగా ఉండవచ్చు, అయినా చెప్పక తప్పదు.

వెబ్ ఆప్షన్లు మొదలయ్యే ముందే ప్రతి కళాశాల మూడు కాగితాలు నోటీసు బోర్డు మీద, ఫోన్‌లో చదువుకునే విధంగా వెబ్‌సైట్‌లో పెట్టాలని నా కోరిక: ప్రతి కాంబినేషన్ మొదటి ఏడాది సిలబస్, గత ఏడాది నడిచిన అసలు టైమ్ టేబుల్, ఏ సబ్జెక్టుకు రెగ్యులర్ అధ్యాపకుడు ఉన్నాడో ఏది గెస్ట్ ఫ్యాకల్టీతో నడుస్తుందో తెలిపే జాబితా. హెల్ప్‌లైన్ కేంద్రాల్లో దరఖాస్తు సరిచూసే సిబ్బందితో పాటు ఆర్ట్స్, కామర్స్, సైన్స్ నుంచి ఒక్కొక్క అధ్యాపకుడిని కూర్చోబెట్టాలి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు.

ఇప్పటికే చేరిపోయి, కోర్సు సరిపడలేదని మొదటి వారంలోనే అర్థమైన వాళ్లు సిగ్గుపడి ఊరుకోవద్దు. తెలంగాణలో సీట్ల కేటాయింపు విడతలు ముగిశాక అదే కళాశాలలో కోర్సు మార్చుకోవడానికి ఇంట్రా కాలేజ్ ఫేజ్ పేరుతో కొద్ది రోజుల గడువు ఇస్తారు. ఆ గడువు తేదీ ఏమిటో ప్రిన్సిపాల్ కార్యాలయంలో ఈ రోజే అడగండి. మారదలచిన కోర్సు తరగతిలో అనుమతి తీసుకుని రెండు మూడు రోజులు కూర్చుని చూసి, ఆ తరువాత మీ ఫోన్‌లో, మీ చేత్తోనే ఆప్షన్ మార్చుకోండి.