చెరువు కట్ట కింది జడ పదార్థం గారికి

డెబ్రిస్ కుప్ప గారికి, అంటే కూల్చిన ఇళ్ళ శిథిలాల గుట్ట గారికి నమస్కారం.

మీరు క్షేమమని వేరే అడగక్కర్లేదు, దినదిన ప్రవర్ధమానంగా కనిపిస్తూనే ఉన్నారు. నేనే బాలేను. ఇవాళ హాఫ్ డే లీవ్ పెట్టి ఎండలో మూడు గంటలు నించుంటే, తనిఖీకి వస్తానన్న సారు నాలుగింటికి వచ్చాడు, కారు అద్దం సగం దించాడు, మీ వైపో చూపు చూసి "ఇదంతా ఇనర్ట్ మెటీరియలే కదండీ, కుళ్ళదు, వాసన రాదు, ఏం నష్టం" అని అద్దం ఎత్తేశాడు. అయిపోయింది పర్యావరణ ప్రభావ అంచనా. బండి ఇంజినైనా ఆపలేదు.

ఇనర్ట్ అంటే జడమట. మరి వినాయక చవితికి, చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ రాయికి ఇవతలున్న తమరు బతుకమ్మ నాటికి ఆ రాయినే మింగి, మెట్లు కప్పేసి, నీళ్ళలోకి ఎలా దిగారండీ? ఆడవాళ్ళు బతుకమ్మల్ని ఇటుక ముక్కల మీంచి మోసుకెళ్ళి వదిలారు.

పోనీ మీ పొట్టలో ఏముందో చూశాడా ఆయన? పగిలిన ఆస్బెస్టాస్ రేకులు. పెయింట్ డబ్బాలు. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డులైతే లెక్కే లేదు, అవి తడిసి గాలాడకుండా అడుగున పడుంటే బ్యాక్టీరియా వాటిలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తుంది, అంటే కుళ్ళిన గుడ్ల కంపు, వాన పడ్డ వారం మా కిటికీలు మూసుకునేది ఎందుకనుకుంటున్నారు? వాసన రాదట! సిమెంటు లోంచి దిగే నీళ్ళకి క్షార గుణం. నిజంగా అంచనా వెయ్యాలంటే కుప్పకి ఎగువన ఒక బోరు, దిగువన ఒక బోరు, వానలకి ముందూ తర్వాతా నీళ్ళు పట్టి పీహెచ్, సల్ఫేట్, సీసం చూడాలి. కారు అద్దంలోంచి పీహెచ్ కనపడదు సారూ.

శిథిలాలకి రూల్స్ 2016లోనే వచ్చాయి, నెలకి 300 టన్నులు దాటిన ప్రాజెక్టు అయితే వాటినేం చేస్తారో ముందే ప్లాన్ ఇవ్వాలని ఆ రూల్స్‌లో ఉండేది. హైదరాబాద్ జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో నిన్ను పిండి చేసి ఇసుక తీసే ప్లాంట్లూ ఉన్నాయి. నువ్వు మాత్రం ఇక్కడే ఉన్నావ్. సిగ్గుండక్కర్లా?

తిడుతూనే ఉన్నా గానీ ఇందాక నీ అంచున నీలం పువ్వుల టైలు ముక్క కనపడింది, పక్కనే సింకు కన్నమున్న కడప బండ. మా వంటిల్లే. పోయినేడాది ట్రాక్టరబ్బాయి రెండువేల ఐదొందలు అడిగితే బేరమాడి రెండువేలు చేతిలో పెట్టా, ఎక్కడ పోస్తావని మాత్రం అడగలేదు. ఆ బండ మీద మా అమ్మ పాతికేళ్ళు పచ్చళ్ళు కలిపింది, ఇంకా నూనె మరక పోలేదు. దాన్నీ జడ పదార్థమే అంటాడు కాబోలు.

ఉంటాను. రాత్రి పదకొండున్నరయింది, కట్ట మీద టిప్పర్ రివర్స్ హారన్ మోగుతోంది. మీ చుట్టాలొచ్చినట్టున్నారు.