ఆడవాళ్లు పాట కట్టలేదా?

త్యాగరాజ ఆరాధన రోజులు వచ్చాయంటే ఒడిశాలోని బరంపురంలో మా తెలుగువాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతుంది. కర్ణాటక సంగీతంలోనైనా, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోనైనా ఆడవాళ్లు పాడారే తప్ప సొంతంగా ఏమీ కట్టలేదట. కట్టి ఉంటే పేరు నిలిచేదట. వాళ్లను ఎవరూ ఆపలేదట. ఈసారి "చూశారా వదినా" అంటూ మా మరిది కూడా పంపాడు.

కట్టలేదన్నది అబద్ధం. తిరుమలలో ఏకాంత సేవలో ఇచ్చే ముత్యాల హారతి ఎవరి పేరు మీద? 18వ శతాబ్దంలో కీర్తనలు, యక్షగానాలు రాసిన తరిగొండ వెంగమాంబ పేరు మీద. అంతకు ముందే తంజావూరులో విజయరాఘవ నాయకుడి కొలువులో రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' అనే యక్షగానం రాసింది. అటు జర్మనీలో క్లారా షూమన్ తాను కట్టిన పియానో కన్చెర్టోను (వాద్యబృందంతో కలిసి పియానో వాయించే పెద్ద రచన) 1835లో తానే కచేరీలో వాయించింది. అప్పటికి ఆమెకు 16 ఏళ్లు.

పేరు నిలిచేదన్న మాటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. సాక్షాత్తూ అన్నమయ్య పాటలే రాగిరేకుల మీద వందల ఏళ్లు కొట్లో పడి ఉన్నాయి. ఆయన గతే అది అయితే ఆడవాళ్ల సంగతి చెప్పాలా? జర్మనీలోనే ఫానీ మెండెల్సన్ అని ఇంకొకామె పాటలు కట్టేది. వాటిలో కొన్ని, పేరున్న సంగీతకారుడైన తమ్ముడు ఫెలిక్స్ పేరుతో అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ఎదుటే అతని పుస్తకంలోంచి తనకు నచ్చిన పాట ఎంచుకుని పాడింది. అది మా అక్క కట్టిందని అతను ఒప్పుకోవలసి వచ్చింది. 1828లో ఆమె రాసిన ఈస్టర్ సొనాటా అనే పియానో రచన రాతప్రతి 1970లో దొరికితే దాన్నీ తమ్ముడిదే అనుకున్నారు. ఆమెదని 2010లో గానీ తేలలేదు.

ఎవరూ ఆపలేదా? 1820లో ఫానీకి తండ్రి ఉత్తరం రాశాడు: సంగీతం తమ్ముడికి వృత్తి కావచ్చు గానీ నీకు అలంకారంగానే ఉండాలని. ఆమె 1846లో గానీ సొంత పేరుతో వరసగా అచ్చు వేయించుకోలేకపోయింది. మరుసటి ఏడే 41 ఏళ్లకు పోయింది.

త్యాగరాజంతటి పేరు పొందిన స్త్రీ మన సంగీతంలో లేదన్నది నిజమే, కాదనను. కానీ పేరు రావాలంటే పాట కడితే చాలదు. రాసిపెట్టేవాళ్లు, శిష్యులు, అచ్చు వేసేవాళ్లు కావాలి.

మా మేనత్త మంగళహారతులు కట్టేది. రూళ్ల నోటుబుక్కులో పెన్సిలు రాత, ప్రతి పాట మీద మధ్యమావతి, ఆది తాళం అంటూ రాగం, తాళం. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇక్కడ ఒడియా, ఇంగ్లీషు చదువుకున్న మా పిల్లలకు ఆ తెలుగు చదవడం రాదు. ఇంకో పాతికేళ్లు పోతే ఆ హారతులు ఎవరివో చెప్పేవాళ్లుండరు.

మరిదికి ఆ పేజీల ఫొటోలే పంపాను, ఒక్కొక్క దాని మీదా ఆవిడ పేరు రాసి.