నిశ్శబ్దమట, నిశ్శబ్దం!

ఫొటోలన్నీ ఒకేచోట దాచుకుందామని రెండు డిస్కులు పట్టే నాస్ డబ్బా, అదే, ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించుకునే స్టోరేజీ పెట్టె, తెచ్చాను. అట్టపెట్టె మీద 20 డెసిబెల్స్ కూడా దాటదని గొప్పలు. తీరా చూస్తే ఆ లెక్క డిస్కులు లేకుండా కొలిచిందట! ఖాళీ డబ్బా ఎవడికి కావాలండీ? 7200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే) డిస్కులు వేసిన తప్పు నాదేలెండి, 5400వి వేసుంటే చప్పుడు కాస్త తగ్గేది. అర్ధరాత్రి హాల్లోంచి గరగరా, టకటకా, ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు. చెక్క బీరువా మీద పెడితే బీరువా కూడా వంత పాడింది. పాత రబ్బరు చెప్పు ముక్కలు కోసి కింద పెట్టాక కొంచెం నయం.

సరే, చోటు పెంచుకుందామంటే ఇంకో గోల. 4 టీబీవి (టెరాబైట్లవి) రెండు వేస్తే, రెండిట్లోనూ ఒకటే కాపీ దాచే మిర్రరింగ్ పుణ్యమా అని చేతికొచ్చేది 4 టీబీయే. ఒక డిస్కు పోయినా డేటా పోకుండా, చోటు అంతగా వృథా కాకుండా డిస్కులన్నిటికీ పంచే రెయిడ్ 5 పద్ధతికి కనీసం 3 డిస్కులు కావాలి, నాకున్నవి రెండు గూళ్లే. ఇక పెద్ద డిస్కులు కొని ఒక్కొక్కటే మార్చి, మార్చినప్పుడల్లా కొత్త డిస్కులోకి డేటా మళ్లీ ఎక్కేదాకా, అంటే రీబిల్డ్‌కి, గంటల తరబడి కాపలా కాయాలి. నాలుగు గూళ్లది తీసుకోమని మా ఆవిడ ముందే అంది. గరగర మొదలైనప్పుడల్లా నా వంక ఓ చూపు చూస్తుంది. దానికన్నా డిస్కు చప్పుడే నయం.