మహారాజశ్రీ డాంగిల్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ డాంగిల్ గారికి,
తహసీల్దారు కార్యాలయం, కంప్యూటర్ గది, సీపీయూ వెనకవైపు రెండో యూఎస్‌బీ రంధ్రం.

ఉభయకుశలోపరి. మీ క్షేమం గురించి అడగాల్సిన పని లేదు. పొద్దున్నే ఆఫీసు తాళం తీసేసరికి మీరు ఆ రంధ్రంలోనే ఉంటారు, రాత్రి వాచ్‌మన్ గేటు వేసేసరికీ అక్కడే ఉంటారు. సారు క్యాంపులో ఉన్నా, సెలవులో ఉన్నా, కలెక్టరేట్‌లో వీడియో కాన్ఫరెన్సులో కునుకు తీస్తున్నా మీ నెత్తిన చిన్న దీపం మాత్రం ఆరదు. ఈ ఆఫీసులో నూటికి నూరు శాతం హాజరు మీ ఒక్కరిదే.

మీ ఇంటిపేరు డీఎస్సీ. ఆ మాట అనగానే మన జనానికి టీచరు పోస్టుల పరీక్ష గుర్తొస్తుంది. మీరు ఆ డీఎస్సీ కాదు, డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్ వారు, అంటే కంప్యూటర్ పత్రాల మీద సారు పేరున సంతకం పెట్టేవారు. పెన్‌డ్రైవ్ పోలికలు ఉన్నా మీ కులం వేరు. మీ కడుపులో ఒక చిప్, ఆ చిప్‌లో 2048 బిట్ల రహస్య కీ, అంటే సంతకానికి వాడే గుప్త సంఖ్య. అది అక్కడే పుడుతుంది, అక్కడే ఉంటుంది, బయటికి కాపీ కాదు. పత్రం తాలూకు హ్యాష్, అంటే దాని వేలిముద్ర లాంటి సంఖ్య, లోపలికి వెళ్తుంది, దాని మీద సంతకం పడి బయటికొస్తుంది, అంతే. లెక్కలు వేసి మిమ్మల్ని ఛేదించాలంటే మహామహుల వల్ల కూడా కాదు. ఎవరికీ ఆ శ్రమ అక్కర్లేదు కూడా. మీ పిన్ మానిటర్ అంచున పసుపు చీటీ మీద రాసుంది.

ఆ పిన్ 12345678. మీలాంటి డాంగిల్స్‌నే టోకెన్లనీ అంటారు, చాలా టోకెన్లు ఫ్యాక్టరీ నుంచి ఆ అంకెలతోనే వస్తాయి. టోకెన్ సాఫ్ట్‌వేర్ తెరిచి 'చేంజ్ యూజర్ పిన్' నొక్కితే అర నిమిషంలో మార్చుకోవచ్చు. కొందరు జాగ్రత్తపరులు మార్చారు కూడా, సారు పుట్టిన సంవత్సరాన్ని రెండుసార్లు కొట్టి. ఆ సంవత్సరం సీనియారిటీ జాబితాలో అచ్చయి నోటీసు బోర్డుకు వేలాడుతోందని వాళ్లకు తోచలేదు. చీటీ అంటించడం వెనక భయం ఉందని ఒప్పుకోవాలి. వరుసగా తప్పు పిన్ కొడితే మీరు అలిగి తలుపేసుకుంటారు. బతిమాలి మళ్లీ ఇనిషియలైజ్ చేస్తే, అంటే కొత్తదానిలా మొదటికి తెస్తే, లోపలి సర్టిఫికెట్ తుడిచిపెట్టుకుపోతుంది. కొత్తది కొనాలి, వీడియో వెరిఫికేషన్‌కు కూర్చోవాలి, పోర్టల్‌లో మళ్లీ నమోదు చేయించుకోవాలి. అన్ని రోజులూ ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఆగిపోతాయి. అందుకని చీటీ. దాని బదులు పిన్‌ను ఒక కాగితం మీద రాసి, కవరులో సీలు వేసి, సారు బీరువాలో పెట్టుకుంటే మీ అలక భయమూ తీరుతుంది, గదిలోకి వచ్చినవాళ్లందరికీ పిన్ కనబడే బాధా తప్పుతుంది.

మీ పుణ్యమా అని పాత రోజులు గుర్తొస్తున్నాయి. చదువు రాని తాతయ్య ప్రోనోటు మీద వేలిముద్ర వేసేముందు పక్కింటి పిల్లాణ్ని పిలిచి చదివించుకునేవాడు. ఖాళీ ప్రోనోటు మీద నిశాని వేస్తే పొలం పోతుందని ఆయనకు తెలుసు. గ్రూప్ పరీక్షలు రాసి పాసైన సారుగారు మాత్రం మిమ్మల్ని, పిన్‌ను, లాగిన్‌ను కలిపి ఆపరేటర్ చేతిలో పెట్టి 'నువ్వు చూసుకో బాబూ' అంటున్నారు. ఆపరేటర్ ఏజెన్సీ మనిషి. రేపు కాంట్రాక్టు ముగిస్తే ఆ కుర్చీలో ఇంకో బాబు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 42 ఈ బాబులెవరినీ అడగదు. కీని అదుపులో ఉంచుకోవాల్సిన బాధ్యత సర్టిఫికెట్‌లో పేరున్న మనిషిదే. అది పరుల పాలైతే జారీ చేసిన సర్టిఫైయింగ్ అథారిటీకి వెంటనే చెప్పాలి, చెప్పేదాకా పూచీ ఆయనదే.

సారుల తరఫున కూడా ఒక మాట. ఇదంతా బద్ధకం కాదు. మీసేవ దరఖాస్తులు గుట్టగా పడుంటాయి, గడువు దాటితే సమీక్షలో నిలదీస్తారు, అదే రోజు ప్రొటోకాల్ డ్యూటీ, భూ తగాదా, వరద సర్వే. అయినా దారి ఉంది. ఆపరేటర్ తన సొంత లాగిన్‌తో పరిశీలన ముగించి వరసలో పెట్టాలి. సారు పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట కూర్చుని, మిమ్మల్ని జేబులోంచి తీసి, సంతకాలు ముగించి, మళ్లీ జేబులో వేసుకోవాలి. కారు తాళాలను ఎవరూ ఇంజన్‌కు వదిలేసి ఇంటికి పోరు కదా.

మీ బంధువులు గ్రామ పంచాయతీల్లో ఇంకా వైభవంగా బతుకుతున్నారు. ఆర్థిక సంఘం నిధులు పంచాయతీల పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్ నుంచి కదలాలంటే రెండు డాంగిల్స్ కావాలి. మేకర్ బిల్లు పెట్టాలి, చెకర్ సరిచూడాలి. ఒకరిని ఒకరు కనిపెట్టుకుని ఉంటారని ఢిల్లీలో ఎవరో ఆలోచించి పెట్టిన ఏర్పాటు ఇది. కింద చాలా ఊళ్లలో రెండూ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి, కలిసిపోకుండా ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి పచ్చదారం. సర్పంచి గారు మహిళ అయితే ఆమె దారం ఆమె భర్తగారి లాల్చీ జేబులో. ఇద్దరి సంతకం కావాల్సినచోట ఒక్కడే రెండుసార్లు క్లిక్ చేస్తున్నాడని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

ఇక మీరు కాపురముండే సీపీయూ సంగతి. అందులో ఉన్నది విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న నీళ్లొదిలేసింది. పక్క టేబుల్‌ది విండోస్ 10, దానికీ 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్‌లు ఆగిపోయాయి. మార్చరేమని అడిగితే మీ పేరే చెబుతారు. కొత్త విండోస్ వేస్తే సైనింగ్ సాఫ్ట్‌వేర్ ఎత్తదట, పోర్టల్ పాత జావా సాఫ్ట్‌వేర్‌నే అడుగుతుందట. ఒకప్పుడు అది నిజమే. ఆ నిజాన్నే పట్టుకుని అప్‌డేట్‌లు శాశ్వతంగా ఆపేసినచోట ఏమవుతుందో 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ చూపించింది. అది దూరిన విండోస్ లోపాన్ని పూడ్చే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది, దాదాపు రెండు నెలల ముందు. వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతా తాళాలు పడ్డాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా.

పైగా ఆ సీపీయూలో రోజువారీ పనికి కూడా అడ్మిన్ ఖాతాయే, ఏ చెత్త నొక్కినా అడ్డులేకుండా ఇన్‌స్టాల్ అవుతుంది. ప్రింటర్ బాగుచేసే కుర్రాడి కోసం వేసిన రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ తెరిచే ఉంది. కీలాగర్ ఒక్కటి దూరితే పిన్ కొట్టిన ప్రతి మీటా రాసుకుంటుంది. మీరు అప్పటికే రంధ్రంలో ఉన్నారు. రాత్రి రెండింటికి ఎక్కడినుంచో లోపలికొచ్చి సంతకం పెట్టించుకోవడానికి ఇంకేం కావాలి? కొన్ని టోకెన్లకు ఇంకో మంచి గుణం ఉంది. ఒకసారి పిన్ కొడితే బ్రౌజర్ మూసేదాకో, మిమ్మల్ని ఊడపీకేదాకో మళ్లీ అడగవు. సారు టీకి లేచినప్పుడు విండోస్ మీటా 'ఎల్' అక్షరమూ కలిపి నొక్కి తెర తాళం వేసినా, మిమ్మల్ని పీకి జేబులో వేసుకోకపోతే సగం పనే అయినట్టు.

ఆ సీపీయూ గడియారం కూడా చూసుకోండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బిళ్ల బ్యాటరీ చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏ 2009కో వెళ్లి కూర్చుంటుంది. సంతకం సమయం చాలాచోట్ల ఆ గడియారం చెప్పిందే. అప్పటికి మీ సర్టిఫికెట్ పుట్టనే లేదు గనక ఆ సంతకం చెల్లదని చూపిస్తుంది. కేంద్రం 2022 జూన్‌లో ఉద్యోగులకిచ్చిన సైబర్ భద్రతా మార్గదర్శకాల్లో జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం (ఎన్ఐసీ) సమయ సర్వర్లకు గడియారం కలపమని ఉంది. పాస్‌వర్డ్ 45 రోజులకోసారి మార్చమనీ ఉంది. దాని ఫలం జనవరి@123, మార్చి@123, ఏప్రిల్@123. మా మటుకు ఒక పొడుగాటి పాస్‌వర్డూ, దానికి తోడు రెండో అంచె తనిఖీ నయం.

మీ తమ్ముడు సెల్‌ఫోన్‌కు మా దీవెనలు. 'ట్రాఫిక్ చలాన్', 'పీఎం కిసాన్' పేర్లతో ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు, మండలం వాట్సాప్ గ్రూపులోకి దిగుతుంటాయి. నొక్కితే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చేస్తే ఓటీపీలు వాళ్లకే పోతాయి, ఆ ఫోన్ నుంచే మిగతా గ్రూపులకు అదే ఫైలు పాకుతుంది. తెలియని చోట నుంచి యాప్‌లు దిగకుండా సెట్టింగ్స్‌లో ఆపుకోవాలి, వాట్సాప్‌కు రెండంచెల పిన్ పెట్టుకోవాలి, 'లింక్డ్ డివైసెస్' తెరిచి ఆఫీసు సీపీయూలో వదిలేసిన వాట్సాప్ వెబ్‌ను తెంచేయాలి. అప్పటికే డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

చివరిగా మీ బదిలీల సంగతి. సారు వెళ్లిపోయారు, వీడ్కోలు సభలో శాలువా కప్పారు, మీరు మాత్రం రంధ్రంలోనే మిగిలారు. మీరు కుర్చీ ఆస్తి కాదు, మనిషి పేరున ఉన్నవారు. రిలీవ్ అయ్యే రోజే పోర్టల్‌లో ఆ పేరు తీయించాలి, మీరు సారు వెంట వెళ్లాలి. అక్కర్లేకపోతే సర్టిఫికెట్ రద్దు చేయించాలి. మీరు తప్పిపోయిన రోజున రద్దుకు మీ సీరియల్ నంబరు కావాలి. అది మీ లోపలే ఉందంటే లాభం లేదు. సీరియల్ నంబరు, గడువు తేదీ, అథారిటీ ఫోను నంబరు ముందే డైరీలో రాసుకోవాలి. దుర్వినియోగం జరిగినట్టు కనబడితే కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లోపు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశం. మన ఆఫీసుల్లో మొదటి ఆరు గంటలూ 'టేబుల్ కింద వెతికారా' దగ్గరే గడిచిపోతాయి.

ఇట్లు,
ఈ ఆఫీసులో మీ పిన్ ఎన్నడూ కొట్టని ఇద్దరిలో ఒకరు

తా.క.: రెండోవారు మీ సారే.