ట్రైలర్ కావాలంటే పక్క సినిమా డిస్కు తిరగెయ్యాలి

పాత సినిమా ఒకటి కొత్త బ్లూరేగా వస్తుంది. 4కె స్కాన్, కడిగినట్టున్న బొమ్మ, గరగరలు తీసేసిన శబ్దం. అన్నీ బాగానే ఉంటాయి. అదనపు అంశాల మెనూ తెరిస్తే మాత్రం అక్కడ ఏమీ ఉండదు. అదే సినిమాకు 2000 ప్రాంతంలో వచ్చిన డీవీడీలో దర్శకుడి వ్యాఖ్యానం, అరగంట మేకింగ్, మూడు ట్రైలర్లు ఉండి ఉంటాయి. కంపెనీవాళ్ల నిర్లక్ష్యమని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు అవి పోయినవీ కావు, మరిచిపోయినవీ కావు. సినిమా ఒకరి ఆస్తి, దాని చుట్టూ తీసిన బోనస్ ఇంకొకరి ఆస్తి. లైసెన్సు చేతులు మారినప్పుడు సినిమా ఒక్కటే కదులుతుంది.

ఈ తంతు డీవీడీలకు ముందటి లేజర్‌డిస్క్ కాలం నుంచే ఉంది. 1984లో క్రైటీరియన్ సంస్థ 'కింగ్ కాంగ్' లేజర్‌డిస్క్‌లో సినిమా చరిత్రకారుడు రోనల్డ్ హేవర్ మాటలను రెండో ఆడియో ట్రాక్‌గా పెట్టింది. ఇప్పుడు మనం కామెంటరీ అంటున్నది అక్కడే మొదలైంది. రికార్డు చేయించింది క్రైటీరియన్ కాబట్టి హక్కూ దానిదే. 'ట్యాక్సీ డ్రైవర్' మీద దర్శకుడు మార్టిన్ స్కార్సెసీ, రచయిత పాల్ ష్రేడర్ 1986లో చెప్పిన వ్యాఖ్యానం, సినిమా హక్కులున్న సోనీ డిస్కులోకి రావడానికి 2011 దాకా పట్టింది. అది కూడా రెండు కంపెనీలూ మాట్లాడుకున్నాయి కాబట్టే. 1991 నాటి జేమ్స్ బాండ్ లేజర్‌డిస్క్‌ల వ్యాఖ్యానాలకు ఆ యోగం పట్టలేదు. నిర్మాతలు అభ్యంతరం చెప్పడంతో డిస్కులను అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించారు. అప్పటికే అమ్ముడైన కాపీలే మిగిలాయి.

ట్రైలర్‌కు ఇంకో చిక్కు ఉంది. అది తయారయ్యేనాటికి సినిమాకు నేపథ్య సంగీతం సిద్ధంగా ఉండదు కాబట్టి పాత సినిమాల బాణీలు అరువు తెచ్చి వేస్తారు. 'ఏలియన్స్' కోసం జేమ్స్ హార్నర్ కట్టిన 'బిషప్స్ కౌంట్‌డౌన్' తర్వాతి ఏళ్లలో ఎన్ని ట్రైలర్ల చివర మోగిందో! ఆ అనుమతి థియేటర్ ప్రచారం వరకే ఉంటే, డిస్కు మీద పెట్టడానికి మళ్లీ డబ్బు కట్టాలి. రెండున్నర నిమిషాల ముక్క కోసం ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? సంగీతం మార్చేస్తారు, లేదంటే ట్రైలర్‌నే వదిలేస్తారు. మరికొన్నింటిని చరిత్రే వెనక్కి లాగింది. న్యూయార్క్ జంట టవర్ల మధ్య సాలెగూడులో హెలికాప్టర్ చిక్కుకునే 'స్పైడర్‌మ్యాన్' టీజర్‌ను 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత సోనీ ఉపసంహరించుకుంది. అప్పటికే అది ఇతర సినిమాల ముందు ఆడేసింది.

ఇతర సినిమాల ముందు అన్న మాటలోనే వెతుకులాట కిటుకంతా ఉంది. చాలామంది సినిమా పేరు కొట్టి వెతుకుతారు, దొరకదు. ట్రైలర్ ఉండేది చాలాసార్లు తన సినిమా డిస్కులో కాదు, దానికి ముందొచ్చిన సినిమా క్యాసెట్‌లో. 1990లలో అమెరికాలో అద్దెకు వచ్చిన వీహెచ్ఎస్ క్యాసెట్ మొదట్లో అదే కంపెనీ విడుదల చేయబోయే సినిమాల ముక్కలుండేవి. కాబట్టి మీకు కావలసిన సినిమా విడుదల తేదీ రాసుకుని, దానికి ముందు ఆరు నెలల్లో అదే కంపెనీ వీడియోలో ఏమేం వదిలిందో జాబితా వేసుకోవాలి. అద్దె క్యాసెట్టుకూ, తర్వాత తక్కువ ధరకు అమ్మిన క్యాసెట్టుకూ ముందున్న ట్రైలర్లు వేరుగా ఉండొచ్చు. అందుకే వెనక ముద్రించిన సంవత్సరం, కేటలాగ్ నంబరు చూడకుండా కొనకూడదు. డీవీడీలకూ ఇదే లెక్క. డిస్కు పెట్టగానే దాటనివ్వకుండా ఆడే ప్రకటనల్ని విసుక్కుంటాం గానీ, వెతికేవాడికి పనికొచ్చేవి అవే. తర్వాతి ముద్రణల్లో వాటిని తీసేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మన తెలుగు సినిమాలకు ఈ సూత్రం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. 1980, 90ల సినిమాల ట్రైలర్లను డిస్కు మీద విడిగా పెట్టే అలవాటే మనకు లేదు. అమెరికాలో ఇండియన్ కిరాణా కొట్లు అద్దెకిచ్చిన వీహెచ్ఎస్ టేపులు, ఆ తర్వాత వచ్చిన ఓవర్సీస్ డీవీడీలు, ఇక్కడి వీసీడీలు, 1995 నుంచి ఈటీవీ, జెమినీల్లో వచ్చిన ప్రోమోలను ఇంట్లో ఎవరో రికార్డు చేసుకున్న క్యాసెట్లు. వెతకాల్సిన చోట్లు ఇవే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి ఊరూరా పంచింది. పాతసామాన్ల కొట్లలో ఇప్పటికీ కట్టలుగా దొరుకుతున్నాయంటే ఆ ధరే కారణం.

డిస్కు చేతికొచ్చాక జరిగే మొదటి పొరపాటు సాఫ్ట్‌వేర్‌దే. డిస్కులోని వీడియోను కంప్యూటర్‌లోకి తీసే మేక్‌ఎంకేవీలో టైటిల్ (డిస్కులోని ఒక్కో వీడియో) కనీస నిడివి ముందుగానే 120 సెకన్లుగా పెట్టి ఉంటుంది. అంతకంటే పొట్టివన్నీ జాబితాలో కనిపించకుండా పోతాయి. టీజర్ 60 నుంచి 90 సెకన్లు, టీవీ స్పాట్ 30 సెకన్లు. అంటే మనం వెతికేవాటినే అది దాచేస్తుంది. సెట్టింగుల్లో దాన్ని 10కి తగ్గించి మళ్లీ చదివించండి. మెనూలో ఎక్కడా కనిపించని టైటిళ్లు కూడా బయటపడతాయి. డీవీడీలో 99 టైటిళ్ల వరకు ఉండొచ్చు, మెనూ వాటన్నిటికీ దారి చూపాలన్న నియమమేమీ లేదు. ముందు డిస్కు మొత్తాన్ని ఐఎస్‌ఓగా, అంటే ఒకే ఫైలు నకలుగా తీసి పెట్టుకుని, ఆ తర్వాతే ముక్కలు విడదీయడం మంచిది. 2006 నుంచి 2008 మధ్య తయారైన తమ డీవీడీలు కొన్ని పాడవుతున్నాయని 2025లో వార్నర్ బ్రదర్స్ హోమ్ ఎంటర్‌టైన్‌మెంటే ఒప్పుకుంది. ఆ కాలపు డిస్కులుంటే ముందు వాటి సంగతి చూడండి.

వీసీడీ కథ వేరు. అందులో వీడియో సెక్టార్లకు, అంటే డేటా రాసే చిన్న గళ్లకు, మామూలు డేటా సీడీకి ఉండే అదనపు దోష సవరణ పొర ఉండదు. నిడివి పెంచడానికి ఆ చోటునూ బొమ్మకే వాడేశారు. అందుకే చిన్న గీత పడినా కంప్యూటర్‌లో వీడియో ఉండే డ్యాట్ ఫైలు కాపీ మధ్యలో ఆగిపోతుంది. ఫైలు కాపీ చేయడం మానేసి, వీసీడీఇమేజర్, ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో సెక్టార్లను నేరుగా చదివించాలి. ఒక డ్రైవ్ చదవలేనిదాన్ని ఇంకోటి చదువుతుంది కాబట్టి పాత డ్రైవులు రెండు మూడు దగ్గర పెట్టుకోవాలి. మెరిసే వైపు పడ్డ గీతలను పాలిష్ చేయొచ్చు గానీ లేబుల్ వైపు గీసుకుపోతే ఇక అంతే. అద్దంలాంటి పొర ఆ లక్క కిందే ఉంటుంది.

క్యాసెట్టయితే ముందు మూత ఎత్తి టేపు అంచు చూడాలి. కోస్తా గాలికి తెల్లటి బూజు పట్టి ఉంటే వీసీఆర్‌లో పెట్టకండి. హెడ్లు పాడవడమే కాదు, ఆ బూజు తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ అంటుకుంటుంది. శుభ్రంగా ఉంటే ఎస్-వీడియో కేబుల్, వణికే బొమ్మను నిలబెట్టే టైమ్ బేస్ కరెక్టర్, నాణ్యత తగ్గకుండా ఫైలుగా దాచే కోడెక్ వాడి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. గంటకు సుమారు 30 జీబీ ఖర్చవుతుంది. మరీ ఎక్కువనిపించినా, మొదట్లోనే నేరుగా కుదించిన ఫైలు చేసుకుంటే తర్వాత బాగుచేయడానికి ఏమీ మిగలదు. ఓవర్సీస్ డిస్కుల్లో తరచూ కనిపించే రెండు బొమ్మల నీడ మాత్రం ఫిల్టర్లకు ఓ పట్టాన లొంగదు. మన దగ్గర వాడే, సెకనుకు 25 ఫ్రేముల పాల్ పద్ధతి టేపును అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి మార్చినప్పుడు పక్కపక్క ఫ్రేములు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అలాంటి చోట ఇంకో కాపీ వెతుక్కోవడమే దారి.

అన్నిటికంటే మేలైనది థియేటర్‌కు వచ్చిన 35 ఎంఎం ఫిల్ము ముక్క. నిమిషానికి 90 అడుగులు, అంటే రెండున్నర నిమిషాల ట్రైలర్ 225 అడుగులు. అరచేతిలో పట్టే చుట్ట. దాన్ని ప్రొజెక్టర్ మీద వేసి చూడాలన్న సరదా వద్దు. కుంచించుకుపోయిన ఫిల్ము రంధ్రాలు చిరుగుతాయి. పుల్లటి వెనిగర్ వాసన వస్తుంటే ఫిల్ములోని ఎసిటేట్ ప్లాస్టిక్ కుళ్లుతున్నట్టు. దాన్ని మిగతా రీళ్ల నుంచి వేరు చేసి, ముందుగా దాన్నే స్కాన్‌కు పంపాలి. బొమ్మంతా గులాబీ రంగులోకి తిరిగితే అది 1980లకు ముందు ఈస్ట్‌మన్ కలర్ స్టాక్ అయ్యుండే అవకాశం ఎక్కువ. రంగు త్వరగా వెలవని ఎల్‌పీపీ స్టాక్‌ను కొడాక్ 1982లో తెచ్చింది. అంచున ఉండే కొడాక్ గుర్తులు ఫిల్ము తయారైన సంవత్సరం చెబుతాయి గానీ, అవి 20 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 1956 గుర్తే 1976లోనూ ఉంటుంది కాబట్టి నటీనటుల వయసుతో సరిచూసుకోవాల్సిందే.

మన ట్రైలర్లకు ఇంకో చక్కటి ఆధారం సెన్సార్ సర్టిఫికెట్. ట్రైలర్‌కు విడిగా సర్టిఫికెట్ ఉంటుంది. ఫిల్ము కాలం నాటి సర్టిఫికెట్‌లో తేదీ, మీటర్లలో నిడివి ఉంటాయి. మీటర్లను 27.4తో భాగిస్తే నిమిషాలొస్తాయి. 68 మీటర్లని రాసి ఉండి, మీ దగ్గరున్న కాపీ నిమిషంన్నరే నడిస్తే దాదాపు నిమిషం ఎక్కడో కత్తిరించారన్నమాట.

పాత కామెంటరీని కొత్త బ్లూరేకు జత చేయాలంటే గడియారంతోనే పేచీ. పాల్ డీవీడీలో సినిమా సెకనుకు 24కు బదులు 25 ఫ్రేముల చొప్పున పరుగెడుతుంది, 100 నిమిషాల సినిమా 96లోనే అయిపోతుంది. ఆడాసిటీ అనే శబ్ద సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 4.096 శాతం తగ్గిస్తే బ్లూరేలోని సెకనుకు 23.976 ఫ్రేములకు సరిపోతుంది, గొంతు కూడా మామూలు స్థాయికి దిగుతుంది. గొంతు ముందే సరిచేసిన డిస్కయితే వేగం కాక టెంపో మాత్రమే మార్చాలి. ఆ తర్వాత వ్యాఖ్యాత ఊపిరి తీసుకున్నప్పుడు వెనక వినపడే సినిమా శబ్దాన్ని పట్టుకుని మొదట్లో ఒకచోట, చివర ఒకచోట పోల్చండి. తేడా రెండుచోట్లా ఒకటే అయితే కంపెనీ లోగో నిడివి మారినట్టు. తేడా నెమ్మదిగా పెరుగుతుంటే వేగం తప్పు. ఉన్నట్టుండి ఒకచోట ఎగిరితే అక్కడ ఫ్రేములు పోయాయి, లేదా కట్ వేరు.

వెబ్‌లో ఉందిలే అనుకున్నవీ నిలవలేదు. ఆపిల్ ట్రైలర్ల సైటు 2023లో మూతపడింది. బ్లూరేలలో గొప్పగా ప్రచారం చేసిన బీడీ-లైవ్ అంశాలు సర్వర్లలో ఉండేవి. సర్వర్ ఆపేస్తే డిస్కులో మిగిలేది ఖాళీ మెనూ. డిజిటల్ థియేటర్లకు పంపే సినిమా ఫైళ్లు, అంటే డీసీపీలు నయం. ట్రైలర్ డీసీపీలకు మామూలుగా తాళం వేయరు, పేరులో టీఎల్ఆర్ అన్న అక్షరాలుంటాయి, ఉచితంగా దొరికే డీసీపీ-ఓ-మ్యాటిక్‌తో తెరవొచ్చు. థియేటర్ సర్వర్‌లో చోటు కోసం వాటిని ఎప్పటికప్పుడు తుడిచేస్తారు, అదొక్కటే తొందర.

ఇక మన దగ్గర 2022 నుంచి ఊపందుకున్న 4కె రీ-రిలీజుల సంగతి. కొన్నిటికి నెగెటివ్ తెప్పించి స్కాన్ చేస్తున్నారు, సంతోషమే. అయితే ప్రచారానికి కొత్త అక్షరాలతో, అదిరిపోయే కొత్త సంగీతంతో ట్రైలర్ కట్ చేస్తున్నారు తప్ప, ఆనాటిది వెతికించడం లేదు. ట్రైలర్ నెగెటివ్ సాధారణంగా సినిమా డబ్బాల్లో ఉండదు, దానికి విడిగా చిన్న డబ్బా ఉంటుంది. మన సినిమాలు దశాబ్దాల పాటు మద్రాసు ల్యాబుల్లోనే కడిగారు. ఫిల్ము పని ఆగిపోయాక సామగ్రి నిర్మాతల గోదాములకు, పుణెలోని జాతీయ ఫిల్ము ఆర్కైవ్‌కు, మరెక్కడెక్కడికో చెదిరిపోయింది. నిర్మాత ఎలాగూ సినిమా డబ్బాల కోసం ఉత్తరం రాస్తాడు. అందులో "ట్రైలర్ నెగెటివ్, సౌండ్ నెగెటివ్ విడిగా ఉంటే అవి కూడా" అని ఒక్క వాక్యం చేర్చాలి. 225 అడుగుల స్కాన్‌కు అయ్యేది సినిమా ఖర్చులో ఓ మూలకు రాదు. సౌండ్ నెగెటివ్ దొరక్కపోతే బొమ్మను నెగెటివ్ నుంచి, శబ్దాన్ని ఏ ఓవర్సీస్ క్యాసెట్ నుంచో తీసి కలపొచ్చు. కాబట్టి నాసిరకం టేపైనా సరే, బొమ్మ బాగాలేదని పారేయకండి.