మనసు విప్పి మాట్లాడండి, చీటీ మాత్రం ముందుగా ఇవ్వండి

పోయిన నెల ఒక పార్టీవాళ్లు సమీక్షా సమావేశం పెట్టారు. ఎన్నికల్లో ఎందుకు ఓడిపోయామో కార్యకర్తలే చెప్పాలట. ‘మనసు విప్పి మాట్లాడండి’ అని ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నాయకుడి బొమ్మ ఎంత పెద్దదంటే, ‘మాట్లాడండి’ అన్న మాట ఆయన మోచేతి కింద ఇరుక్కుపోయింది. ఏ పార్టీ అని అడక్కండి. మీరు ఏది అనుకుంటే అదే. మీ పక్కాయన ఇంకోటి అనుకుంటే అదీ కరెక్టే.

నేను పార్టీ మనిషిని కాను. మా ఎదురింటి బాబాయి తోడు రమ్మంటే వెళ్లి, వెనక వరసలో కూర్చున్నాను. వెళ్లడమే మంచిదైంది. ప్రజాస్వామ్యాన్ని ఇంత శ్రద్ధగా వడకట్టడం నేనింతవరకూ చూడలేదు.

పద్ధతి ఇదీ. మాట్లాడాలనుకున్నవాళ్లు తమ ప్రశ్నని చీటీ మీద రాసి, కింద పేరు, మండలం, ఫోన్ నంబరు వెయ్యాలి. (ఫోన్ నంబరు ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.) చీటీలు ముందు మండల అధ్యక్షుడి చేతికి వెళ్తాయి. ఆయన తన మీద ఉన్నవి తీసేస్తాడు. తర్వాత నియోజకవర్గ ఇన్‌ఛార్జి. ఆయన తన మీదవీ, తన బావమరిది మీదవీ తీసేస్తాడు. బావమరిది మీదవే ఎక్కువట. ఆ పైన రాష్ట్ర పరిశీలకుడు. ఆయనకి ఈ ఊళ్లో ఎవరూ తెలియదు కాబట్టి నిష్పక్షపాతంగా అక్షర దోషాలున్నవి తీసేస్తాడు. ఇన్ని జల్లెళ్లు దాటి వేదిక ఎక్కిన ప్రశ్నలు మూడు. ‘అన్నా, మీరు మీ ఆరోగ్యం ఎందుకు పట్టించుకోవడం లేదు?’ అని ఒకటి. ‘మనం చేసిన మంచిని జనం ఎందుకు అర్థం చేసుకోలేకపోయారు?’ అని రెండోది. మూడోది ప్రశ్న కాదు, పద్యం.

ఆరోగ్యం గురించి నాయకుడు పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాడు. చర్చ వాడిగా వేడిగా సాగిందని నా ముందు కూర్చున్న విలేకరి అప్పుడే రాసేసుకున్నాడు.

అప్పుడు జరిగింది ప్రమాదం. మైకు కుర్రాడు కొత్తవాడు పాపం, చెయ్యెత్తినవాళ్లకే మైకు ఇవ్వాలనుకున్నాడు. చెయ్యెత్తింది మా బాబాయి. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, “అయ్యా, నేను ఇరవై రెండేళ్లుగా మన పార్టీకి బూత్ ఏజెంటుగా కూర్చుంటున్నాను. ఈసారి టికెట్ ఎవరికిచ్చారో పేపర్లో చూసేదాకా మాకు తెలీదు. ఆయన నామినేషన్‌కి వారం ముందు దాకా అవతలి పార్టీలో...” అన్నాడు. అక్కడ ఆగింది మైకు.

‘టెక్నికల్ ప్రాబ్లం’ అన్నారు వేదిక మీద నుంచి. సరిగ్గా ‘అవతలి పార్టీ’ అన్న మాట దగ్గరే చెడిపోయే మైకుని ఎవరు తయారు చేశారో గానీ వాళ్లకి చెయ్యెత్తి మొక్కాలి. పైగా అది తనంతట తనే బాగయ్యే రకం. పక్కవరసలోని యువజన విభాగం కుర్రాడి చేతిలోకి వెళ్లగానే ఖంగుమంది. అతను ‘జై’ అన్నాడు. ఒక్క గరగర లేదు.

బాబాయి మైకు లేకుండానే మాట్లాడబోయాడు. ఇద్దరొచ్చి ఎంతో మర్యాదగా చెరో రెక్కా పట్టుకుని, “కూర్చో పెదనాన్నా, భోజనాల టైమైంది” అన్నారు. ఆయన కూర్చోలేదు, బయటికి నడిచాడు. గేటు దగ్గర ఒక టీవీ అబ్బాయి మైకు పెట్టాడు. ఆ మైకు పనిచేసింది. మూడో రోజుకి షోకాజ్ నోటీసు వచ్చింది: ‘అంతర్గత విషయాలను పార్టీ వేదికపై ప్రస్తావించకుండా బహిరంగంగా మాట్లాడినందుకు...’

సిగ్గుండక్కర్లేదా? వేదిక మీద నోరు నొక్కిందీ మీరే, వేదిక మీద ఎందుకు మాట్లాడలేదని సంజాయిషీ అడిగేదీ మీరేనా? ఆయన ఇరవై రెండేళ్లలో మిమ్మల్ని ఒక్క రూపాయి అడగలేదు. అడిగింది ఒక్క ప్రశ్న. దానిక్కూడా మీ దగ్గర జవాబు లేదు, స్విచ్ ఉంది.

ఆ వేదిక మీదే అంబేడ్కర్ ఫొటోకి పెద్ద దండ వేశారు. ఆయన 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఏమన్నాడో ఆ దండ వేసినవాళ్లలో ఒక్కరైనా చదివి ఉంటే చెయ్యి వణికేది. పార్టీ క్రమశిక్షణకి అందరూ తలొంచి ఉంటే ఈ సభ తలలూపేవాళ్ల గుంపు అయ్యేదని, అదృష్టం కొద్దీ మనలో తిరుగుబాటుదార్లు ఉన్నారని చెప్పి, కామత్, దేశ్‌ముఖ్, సిధ్వా, కె.టి. షా, కుంజ్రూల పేర్లు ఎత్తి మరీ మెచ్చుకున్నాడు. ముసాయిదాకి వచ్చిన సవరణలు సుమారు 7,635. సభలో ప్రతిపాదించినవి 2,473. దేవుడి పేరుతో పీఠిక మొదలుపెట్టాలని కామత్ పట్టుబడితే దాన్ని కూడా ఓటుకి పెట్టారు. 41 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు, ఆయన ఓడిపోయాడు. ఎవరూ రెక్క పట్టుకుని భోజనానికి లాక్కెళ్లలేదు. అదే కామత్ మొన్నటి సమావేశానికి వచ్చి ఉంటే చీటీ మండల అధ్యక్షుడి జేబు దాటేది కాదు.

కార్యకర్త సంగతి అటుంచండి, ఎమ్మెల్యేకి మాత్రం ఏం మిగిలింది గనక. సభలో ఏమైనా మాట్లాడుకోమని 194వ అధికరణం నోటికి స్వేచ్ఛ ఇచ్చింది. 1985లో వచ్చిన పదో షెడ్యూలు చేతిని పార్టీకి అప్పగించింది. విప్‌కి (ఓటు ఇలాగే వెయ్యాలన్న పార్టీ ఆదేశానికి) ఎదురు ఓటేస్తే, పదిహేను రోజుల్లో పార్టీ క్షమించకపోతే పదవి పోతుంది. ఫిరాయింపులు ఆపడానికి తెచ్చిన చట్టమిది. ఫిరాయింపులు ఎంత బాగా ఆగాయో మా బాబాయి మైకులో చెప్పబోయాడు.

ఇక నమోదు కోసం ఎన్నికల సంఘానికి పార్టీలు సమర్పించే నియమావళి ఉంటుంది. ప్రజాస్వామ్యానికి కట్టుబడి ఉంటామని అందులో రాసి తీరాలి, చట్టం అడుగుతుంది. రాస్తారు కూడా. మంచి కాగితం మీద.

నిన్న రాత్రి బాబాయి నోటీసు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. “ఏమయ్యా, దీనికి జవాబు నువ్వే రాసిపెట్టాలి” అన్నాడు. ఏడు రోజుల్లో ఇవ్వాలట. ‘మీ వాదనను స్వేచ్ఛగా వినిపించవచ్చు’ అని చివర రాసి ఉంది. దాని కింద మూడు ఖాళీలు. పేరు, మండలం, ఫోన్ నంబరు.